శాలువా ఒక్కరికే సరిపోతుంది

నర్సంపేటలోనో, హుజూరాబాద్‌లోనో విత్తనాల షాపు ముందు నిలబడ్డ ఏ రైతునడిగినా 1798 అంటే ఏమిటో చెప్తాడు. అది జగిత్యాల సన్నాలు, రికార్డుల్లో జేజీఎల్ 1798. 32100 అంటే వరంగల్ సన్నాలు. 118 అంటే కూనారం సన్నాలు. ఆ వంగడాలను తయారు చేసిందెవరని అడిగితే మాత్రం రైతు తల గోక్కుంటాడు. షాపు ఓనరుకూ తెలియదు. నిజం చెప్పాలంటే ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చునేదాకా మా డెస్కులోనూ చాలామందికి ఆ ఆలోచనే రాలేదు.

డిసెంబర్ 23న రైతు దినోత్సవం. జూన్ 5న పర్యావరణ దినోత్సవం. జనవరి 25 సాయంత్రం పద్మ పురస్కారాల జాబితా. ఈ తేదీలు దగ్గరపడితే చాలు, హనుమకొండ నుంచి ఆదిలాబాద్ దాకా హాళ్లు బుక్ అవుతాయి, ఫ్లెక్సీలు లేస్తాయి. ఉత్తమ రైతు, ఉత్తమ శాస్త్రవేత్త, ఉత్తమ అధికారి. మైకు, శాలువా, జ్ఞాపిక, ఫొటో. మర్నాడు ఆ ఫొటో మా జిల్లా పేజీలో. అందులో కొన్ని అవార్డులకు ముందుగా ఫీజు కట్టాలన్న సంగతి అందరికీ తెలిసిందే. వాటి గురించి రాసి కాగితం ఖర్చు చేయదలచుకోలేదు. మా మాట నిజాయితీగా ఇచ్చే అవార్డుల గురించే.

అవార్డులు వద్దని కాదు. 2017లో వనజీవి రామయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు మొక్క నాటడం కూడా ఒక జీవిత కాలపు పనేనని ఊరూరా తెలిసింది. మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ బోర్డు వేసుకుని తిరిగే ఆ ఖమ్మం జిల్లా పెద్దమనిషిని అంతకుముందు వింతగా చూసినవాళ్లే తర్వాత స్కూలుకు పిలిచి పిల్లలతో మాట్లాడించారు. పోయినేడాదో అంతకుముందో కాదు, దశాబ్దాలుగా ఆయన విత్తనాలు ఏరి జేబుల్లో, సంచుల్లో వేసుకుని తిరిగారు. 2025 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన నాటిన ప్రతి చోటా భార్య జానమ్మ చెయ్యి కూడా ఉంది. పతకం మాత్రం ఒక్కటే.

మా పేచీ ఇక్కడే. శాలువా ఒక్క భుజానికే సరిపోతుంది. వ్యవసాయంలో, పర్యావరణంలో నిలిచిన పని ఏదీ ఒక్క భుజం మీద నడిచింది కాదు.

ఒక వరి వంగడం సంగతే తీసుకుందాం. రెండు రకాలను సంకరం చేయాలంటే పూత విచ్చకముందే ఒక్కో గింజ కొన కత్తిరించి, లోపలి మగ భాగాలు తీసేసి, ఇంకో రకం పుప్పొడి దాని మీద దులపాలి. కళ్లు లాగేసే పని. అలా వచ్చిన గింజలను తరం తర్వాత తరం వేరువేరు వరుసల్లో నాటి, ఏది పడిపోతుంది, దేనికి సుడిదోమ పురుగు తగులుతుంది, ఏది ముందు కోతకొస్తుందని చూస్తూ పోవాలి. ఆ తర్వాత చిరుసంచులుగా రైతులకిచ్చి వాళ్ల మళ్లలో వేయించాలి. విడుదలయ్యేసరికి పదేళ్లు తేలికగా దాటుతాయి. మొదలుపెట్టిన శాస్త్రవేత్త ఆలోపు బదిలీ కావచ్చు, రిటైర్ కావచ్చు. వరంగల్, పొలాస, కూనారం పరిశోధనా స్థానాల్లో ఆ వరుసలు నాటిందీ, కలుపు తీసిందీ రోజుకూలికొచ్చే ఆడవాళ్లు. చిరుసంచి తీసుకుని, పండకపోతే నా ఖర్మ అనుకుని ఒక మడి పణంగా పెట్టింది రైతు. ఇందులో ‘ఉత్తమ’ ఎవరు?

ఏనెబావిది ఇంకా గట్టి ఉదాహరణ. ఇప్పుడు జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలో ఉంది, అప్పట్లో ఉమ్మడి వరంగల్. 1997-98లో పత్తి పురుగు పాలై, మందుల అప్పులు మెడకు చుట్టుకుని, ఈ జిల్లా రైతుల ఆత్మహత్యల వార్తలు దేశమంతా పాకిన రోజులు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ చిన్న ఊరు ఆ దారిన పోలేదు. వాళ్ల కథ ఎర్ర గొంగళి పురుగుతో మొదలైంది. తొలకరి వానకు భూమిలోంచి రెక్కల పురుగులు లేస్తాయి, గుడ్లు పెట్టకముందే వాటిని మంటల వైపు లాగి చంపాలి. ఒక్క రైతు తన చేలో మంట పెడితే లాభం లేదు, పక్క చేను పురుగు అతని చేలోకే వస్తుంది. ఊరంతా ఒకే రాత్రి పెట్టాలి. పెట్టారు. అక్కణ్నుంచి వేపగింజల కషాయం, పేడా మూత్రం ద్రావణం, చెరువు మట్టి. చివరికి 2006లో మా ఊరికి రసాయనాలు వద్దని ప్రకటించుకున్నారు. ఆ రాత్రి మంటలకు అవార్డు ఇవ్వాలంటే ఎవరిని వేదిక మీదికి పిలుస్తారు? పిలిస్తే ఊరిని పిలవాలి.

అలా పిలిచిన సందర్భాలు లేకపోలేదు. జహీరాబాద్ ప్రాంతంలో చిరుధాన్యాల విత్తనాలు దాచుకున్న దళిత మహిళల సంఘాలను వెంటబెట్టుకుని నడిచిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ ప్రైజు వచ్చింది. పాత విత్తనాలను కాపాడిన రైతు సమూహాలకు మన దేశంలోనూ 2001 నాటి రైతు హక్కుల చట్టం కింద ‘ప్లాంట్ జీనోమ్ సేవియర్’ పేరిట 10 లక్షల రూపాయల పురస్కారం ఉంది. 2025లో వరంగల్ చపాటా మిర్చికి దక్కిన భౌగోళిక గుర్తింపు కూడా ఒక మనిషి పేరు మీద వచ్చింది కాదు, అది పండే నేల పేరు మీద వచ్చింది. దారి ఉంది. మన జిల్లా స్థాయి అవార్డులు మాత్రం ఆ దారిన నడవడం లేదు.

ఇంకో సంగతి. పురుగు మందు మానేసినవాడికి ఒక శాఖ, ఎకరాకు ఎక్కువ క్వింటాళ్లు తీసినవాడికి ఇంకో శాఖ సన్మానం చేస్తుంది. ఒక సభలో పొగిడిన యూరియా బస్తాను మరో సభలో తిడతారు. పొలం ఒకటే, నీళ్లు ఒకటే.

నీళ్లంటే నీరటి గుర్తొస్తాడు. చెరువు తూము తీసి మడి మడికీ నీళ్లు పారించి, కోతలప్పుడు ఇంత వడ్లు కొలిపించుకునే మనిషి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువులు బాగుపడ్డాయి, పూడిక మట్టి పొలాలకు చేరింది. బోర్ల కాలంలో చాలా ఊళ్లలో నీరటి మాత్రం మాయమయ్యాడు. 2024 సెప్టెంబర్ మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో కురిసిన వానకు చెరువులు తెగి, రైలు పట్టాల కింద కంకర సైతం కొట్టుకుపోయిన ఫొటోలు అందరూ చూశారు. అదే రాత్రి ఇంకెన్ని ఊళ్లలో ఎవరో ఒకరు గొడుగు, బ్యాటరీ లైటు పట్టుకుని కట్ట మీద కూర్చుని, నిండిన నీళ్లు పొర్లే మత్తడి చూసుకున్నారో మనకు తెలియదు. తెగని చెరువుకు ఫొటో ఉండదు. మేమూ వేయం.

కాబట్టి అవార్డు కమిటీలను మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. దరఖాస్తుల కోసం చూడొద్దు. ఫైలు కట్టడం, ఫొటోలు అతికించడం, ఇంగ్లిష్‌లో రెండు పేజీలు రాయించడం వచ్చినవాళ్లే ఏటా వరుసలో ముందుంటారు. సొంత పేరున పాసుబుక్ లేని కౌలు రైతు, మహిళా రైతు ఆ వరుసలోకే రారు. మీరే ఊరికి పోండి. పోయినేడాది దిగుబడిని కాదు, ఐదేళ్ల కింద మొదలుపెట్టిన పని ఇప్పటికీ నడుస్తోందా అన్నది చూడండి. ఇచ్చేది సంఘానికో, గ్రామానికో, పరిశోధనా స్థానంలో కూలీల దాకా ఉన్న జట్టుకో ఇవ్వండి. డబ్బూ అంతే. తొలి ప్రపంచ ఆహార బహుమతి 1987లో అందుకున్న ఎం.ఎస్. స్వామినాథన్ ఆ సొమ్ముతో చెన్నైలో పరిశోధనా సంస్థ పెట్టారు. మన ఊళ్లలో ఒక విత్తన గదికో, తూము షట్టర్ రిపేరుకో అంత కూడా అక్కర్లేదు.

మా వంతు తప్పు కూడా ఒప్పుకోవాలి. శాలువా ఫొటో వేసిన చేను దగ్గరికి ఆర్నెల్ల తర్వాత మా విలేకరి మళ్లీ పోయింది చాలా తక్కువ. ఇకపై పోతాం.

కమిటీ సభ్యులకు ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ఒక చిరునామా చెప్తాం. యాసంగిలో హుజూరాబాద్, జమ్మికుంట వైపు సంకర విత్తనం కోసం పక్కపక్క వరుసల్లో వేసే ఆడ-మగ వరి పూతకొస్తుంది. పొద్దెక్కాక ఒడ్డుకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడి, మగ వరుసల పుప్పొడి ఆడ వరుసల మీద పడేలా తాడు గుంజుతూ కనిపిస్తారు. రోజుకు అన్నిసార్లు, పూత ఉన్నన్నాళ్లూ. కార్లు ఒడ్డు దాకా పోతాయి.