మిగిలిపోయిన శాలువా

మొన్న డిసెంబరు ఆఖరి ఆదివారం మా యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల సమ్మేళనం జరిగింది. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు ఇంకా తిరిగెళ్ళకముందే పెట్టుకోవాలి కాబట్టి ఏటా అదే టైము. యూనివర్సిటీ పేరు రాయను, రాస్తే రేపట్నుంచి ఫోన్లు మొదలవుతాయి. అయినా పేరుతో పనేముంది, మీరు చదివిన చోట కూడా ఇంచుమించు ఇదే జరుగుతూ ఉంటుంది.

వేదిక మీద పద్నాలుగు కుర్చీలు. ఒక్కొక్కరినీ బిరుదులతో సహా పిలవడం, ఆయన లేచి ముందుకు రావడం, శాలువా, దండ, మెమెంటో, ఫోటో, ఫోటో సరిగ్గా రాలేదని మళ్ళీ ఫోటో. పదకొండింటికి మొదలైన తంతు రెండున్నరైనా తెగలేదు. వెనకాల గుత్తివంకాయ చల్లారిపోయి నూనె పైకి తేలింది.

ఆ మూడున్నర గంటల్లో బ్యాంకన్న ఒక్కసారి కూడా కూర్చోగా నేను చూడలేదు. మైకు కుయ్యిమంటే ఆయనే పరిగెత్తాలి, నీళ్ళ సీసాలు అయిపోతే ఆయన్నే పిలవాలి. యాంకరమ్మాయి అయితే మైకులోనే, "బాబాయ్ గారూ, ఆ స్టాండ్ కొంచెం పక్కకి జరపరా?" అనేసింది. ఆ పిల్ల తప్పు కాదు. ఆయనెవరో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

నేను చెప్తాను. ఆయన అసలు పేరు మాలో చాలామందికి గుర్తుండదు, బ్యాంకులో పనిచేసేవారు కాబట్టి బ్యాంకన్న. మాకు ఎనిమిది బ్యాచ్‌లు సీనియర్. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అడ్మిషన్ల సమయానికి సెలవు పెట్టుకుని వచ్చేవారు, రిటైరయ్యాక పూర్తిగా వచ్చేస్తున్నారు. 22 ఏళ్ళుగా ఇదే వరస. సైకిల్ స్టాండు పక్కన వేపచెట్టు కింద ఒక మడత కుర్చీ, ఒక గుడ్డ సంచీ. సంచీలో స్టేప్లర్, గమ్ సీసా, స్టాంపు ప్యాడ్, నాలుగు నీలం పెన్నులు, ఒక లాంగ్ నోట్‌బుక్.

ఫస్టియర్‌లో చేరడానికి ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల కష్టాలు ఎలా ఉంటాయో ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళకి తెలియదు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. ఆదాయం సర్టిఫికెట్ పాతదైపోయి ఉంటుంది. స్కాలర్‌షిప్ మంజూరైందని మెసేజ్ వస్తుంది, డబ్బు మాత్రం రాదు. అప్పుడు బ్యాంకన్న పాస్‌బుక్కు చూసి, "నువ్విచ్చిన అకౌంట్లో పడదమ్మా, ఆధార్‌కి చివరగా ఏ అకౌంటు లింకైందో అందులో పడుతుంది. మీ ఊళ్ళో ఎవరైనా నీ చేత వేలిముద్ర వేయించి ఖాతా తెరిచారా, గుర్తు తెచ్చుకో" అంటారు. ఆ పిల్లకి గుర్తొస్తుంది. ఆ ఒక్క ప్రశ్న అడిగేవాళ్ళు లేక చదువు మానేసినవాళ్ళు నాకు తెలుసు.

ఆ నోట్‌బుక్ ఒకసారి తిరగేశాను. పేరు, ఫోన్ నంబరు, ఏ కాగితం తక్కువైందో, పని అయ్యాక టిక్కు. ఒక వరుస ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది: "తండ్రి లేడు. అమ్మది ఇడ్లీ బండి. టీసీ ఇవ్వట్లేదు, పాత కాలేజీలో 8,500 బాకీ." పక్కన టిక్కు, మూడు రోజుల తర్వాతి తేదీ. ఆ 8,500 ఎవరు కట్టారో ఎక్కడా రాసి లేదు. అడిగితే "ఎవరో కట్టారులే" అన్నారు.

సరే, శాలువా దగ్గరికి వస్తాను. రావలసిన అతిథి ఒకాయన రాలేదు. ఒక శాలువా, ఒక మెమెంటో మిగిలాయి. భోజనాల వరుసలో, చేతిలో ప్లేటుతో నిలబడ్డ బ్యాంకన్న మీద కమిటీ సభ్యుడొకాయన వెనకనుంచి వచ్చి శాలువా కప్పేశాడు. "మన బ్యాంకన్నకి కూడా ఒకటి పడాలి కదా!" చుట్టూ నలుగురు చప్పట్లు కొట్టారు, నేను కూడా కొట్టాను. శాలువా అంచుకి రేటు చీటీ ఇంకా వేలాడుతోంది. మెమెంటో మీద ఆ రానివాడి పేరున్న స్టిక్కరు. బ్యాంకన్న ప్లేటు పక్కన పెట్టి, గోటితో ఆ స్టిక్కరు నెమ్మదిగా గీకుతూ, "గమ్ బాగా గట్టిదేసారు రా" అని నవ్వారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ పోస్టు అందుకే.

ఇలాంటివి మాట్లాడితే వెంటనే ఒక జవాబు వస్తుంది: "ఆయనకి అలాంటివేం అక్కర్లేదండీ, ఆయన ఆ టైపు కాదు." ఈ మాట అనేవాళ్ళు ఎప్పుడూ శాలువా కప్పుకునే ఉంటారు, గమనించండి. నిస్వార్థం పక్కవాడికి, సన్మానం మనకి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కానీ అడిగే గుణమే ఉంటే ఆ మనిషి 22 ఏళ్ళు చెట్టు కింద కూర్చునేవాడే కాదు. ఆయనకి అక్కర్లేదన్నది నిజమే కావచ్చు. అవసరం మాకుంది. ఆ హాల్లో మూడొందల మంది కుర్రాళ్ళు కూర్చున్నారు. కోటి రూపాయలిస్తేనో, మంత్రి అయితేనో, అమెరికాలో కంపెనీ పెడితేనో వేదిక ఎక్కుతారని మూడున్నర గంటలు చూశారు. చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపినా మనల్ని ఇంత పెద్దగా చూస్తారని వాళ్ళకి ఎవరు చెప్పారు? రేపు ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చుంటారు?

డబ్బిచ్చినవాళ్ళని గౌరవించవద్దని నేననను. హాస్టల్లో ఆర్వో ప్లాంటు ఊరికే రాదు. కాకపోతే డబ్బుకి రసీదు ఉంటుంది, టైముకి ఉండదు. కాలేజీలకి, యూనివర్సిటీలకి గ్రేడులిచ్చే జాతీయ సంస్థ న్యాక్ ఉంది కదా, ఇన్నాళ్ళూ వాళ్ళకి పంపుతూ వచ్చిన నివేదికల్లోనే చూడండి, 5.4 కింద పూర్వ విద్యార్థుల భాగస్వామ్యం అని ఒక అంశం ఉండేది. సంఘం ఏం చేసిందో నాలుగు మాటలు రాయమనేవారు, అంకెల దగ్గరికొచ్చేసరికి యూనివర్సిటీల్ని అడిగేది ఎన్ని లక్షలిచ్చారనే. ఎన్ని గంటలు కూర్చున్నారో రాసే గడి ఉండేది కాదు. అందుకే న్యాక్ బృందం వస్తుందనగానే మనకి ఫోన్లు వచ్చేవి, "సార్, టై కట్టుకుని రండి, ఇంటరాక్షన్ ఉంది" అని. బృందం వెళ్ళిపోయాక మళ్ళీ అయిదేళ్ళు మనమెవరో, వాళ్ళెవరో.

నా సంగతి కూడా చెప్పాలి. కిందటేడు ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని ఫోన్‌లో పదివేలు పంపాను. రెండు నిమిషాల పని. ఫ్లెక్సీ మీద నా ఫోటో పడింది, బ్యాంకన్న ఫోటో లేదు. ఆ ఫ్లెక్సీని గేటుకి కట్టింది మాత్రం ఆయనే.

బయట కొన్నిచోట్ల ఈ రెండిటినీ వేరుగా చూస్తారు. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీకి ఫ్రాంక్ రోడ్స్ అనే పాత అధ్యక్షుడి పేరు మీద ఒక అవార్డుంది. అది గొప్ప పదవి సంపాదించినందుకు కాదు, ఏళ్ళ తరబడి యూనివర్సిటీ కోసం వాలంటీరుగా పనిచేసిన పాత విద్యార్థులకి. ఎంఐటీ వాళ్ళు ఇలాంటివాళ్ళకి కంచు బీవర్ బొమ్మ ఇస్తారు. బీవర్ అంటే కొమ్మలు కొరికి తెచ్చి వాగుకి ఆనకట్ట కట్టే జంతువు, వాళ్ళ యూనివర్సిటీ గుర్తు (మస్కట్) కూడా అదే. ఎవరి కంటా పడకుండా రాత్రంతా పనిచేసే జంతువు కాబట్టి ఇలాంటివాళ్ళకి సరిగ్గా అతికింది. ఎంఐటీకి దరఖాస్తు పెట్టిన పిల్లల్ని వాళ్ళ ఊళ్ళోనే కలిసి మాట్లాడే పాత విద్యార్థులుంటారు, జీతం లేని పని. అక్కడున్న మన తెలుగువాళ్ళ పిల్లలు ఎందరో ఏ కాఫీ షాపులోనో వాళ్ళ ముందు కూర్చుని వచ్చినవాళ్ళే. అంత దూరం ఎందుకు, ఐఐటీ బాంబేలో వృత్తిలో పేరు తెచ్చుకున్నవాళ్ళకి ఒక పురస్కారం, సంస్థకి సేవ చేసినవాళ్ళకి వేరే పురస్కారం. వాళ్ళంతా మహాత్ములని కాదు. వాలంటీరు చుట్టూనే విరాళాలు తిరుగుతాయని వాళ్ళకి బాగా తెలుసు. లెక్క వేసుకునే చేస్తారు. లెక్కతోనైనా చేస్తున్నారు కదా.

మనకి ఆ సంప్రదాయం లేదా అంటే, ఉంది. ఏటా జనవరిలో మిర్చీ బజ్జీ తినడానికి వెళ్ళే హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్, అదే ఎగ్జిబిషన్, సంగతి తీసుకోండి. దాన్ని 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టింది ఉస్మానియా పాత విద్యార్థులే, గ్రాడ్యుయేట్స్ అసోసియేషన్ తరఫున. హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వే చేయించాలనుకున్నారు, చేతిలో డబ్బు లేదు, ప్రదర్శన పెట్టి సంపాదిద్దామనుకున్నారు. రెండున్నర రూపాయలతో మొదలైందని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1946లో నాంపల్లికి మారింది. ఎగ్జిబిషన్ సొసైటీ ఆ ఆదాయంతో ఆడపిల్లలకి కాలేజీలు నడుపుతోంది. అక్కడే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ దాని పుణ్యమే. నిజాం ప్రారంభించాడని అందరికీ తెలుసు. మొదటి సంవత్సరం స్టాళ్ళకి గుంజలు పాతించి, అద్దెలు వసూలు చేసి, రాత్రి చిల్లర లెక్కపెట్టిన కుర్ర పట్టభద్రుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? నాకూ తెలియవు. అలా తెలియకుండా పోవడమే నా కోపం.

ఇంకో మాట, ఆడవాళ్ళ గురించి. మా బ్యాచ్‌లో వాట్సాప్ గ్రూపు నడిపేది, ఎవరింట్లో ఆపరేషన్ జరిగినా చందా పోగుచేసేది ఇద్దరు అమ్మాయిలే. సంఘం జాబితాలో వాళ్ళ పేర్లే లేవు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది, పాత రిజిస్టరులో కొత్త పేరు దొరకలేదు, అంతటితో వాళ్ళు "అడ్రసు తెలియనివారు".

మరి ఏం చేయమంటావంటే, ఇంకో శాలువా కొనమని మాత్రం కాదు. శాలువాలు ఇంట్లో బీరువా నిండా ఉంటాయి, పెళ్ళిళ్ళలో మళ్ళీ చేతులు మారుతుంటాయి. బ్యాంకన్నని ఏటా జూన్‌లో కొత్త సెక్యూరిటీ గార్డు గేటు దగ్గర ఆపి, "ఎవరు కావాలి?" అని అడుగుతాడు. ముందు ఆయనకో గుర్తింపు కార్డు ఇవ్వండి. వాన పడితే తలదాచుకోవడానికి ఒక గది, దాని తాళంచెవి ఇవ్వండి. ఆయన ఏం చేశారో ఆయన వల్ల చదువుకున్నవాళ్ళ చేత పది వాక్యాలు రాయించి, లైబ్రరీలో ఉండే సావనీర్‌లో అచ్చెయ్యండి. మంత్రి గారి సందేశం పక్క పేజీలో వేసినా పర్లేదు. ఎవరికి ఇవ్వాలన్నది కమిటీ కాకుండా జూనియర్లు చెప్పాలి. కమిటీకి వదిలితే కమిటీకే వస్తుంది.

పోయిన వారం బ్యాంకన్న ఫోన్ చేశారు. నేను శాలువా గురించి ఎత్తబోతే ఆయన వినిపించుకోలేదు. "ఒరే, ఏప్రిల్లో కంటి ఆపరేషను. డాక్టరు రెండు నెలలు ఎండలో కూర్చోవద్దంటున్నాడు. జూన్‌లో ఒక పది రోజులు రాగలవా? నోట్‌బుక్ నీకిస్తాను, నా రాత నీకు అర్థమవుతుందిగా?"

పది రోజులకి సెలవు పెట్టాను. మేనేజర్ నాలుగిచ్చాడు. మిగతా ఆరు రోజులు ఆ చెట్టు కింద ఎవరు కూర్చుంటారో, మా బ్యాచ్ వాళ్ళు కింద కామెంట్లో చెప్పండి. స్టేప్లర్ పిన్నులు నేను తెస్తాను.