పదకొండు సెట్టింగులు, మూడు సర్వర్లు

ఇందుకూరుపేట దగ్గర మా బావకి పద్నాలుగు రొయ్యల గుంటలున్నాయి. ఏ గుంటకి ఎంత మేత పడింది, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎంతసేపు తిరిగాయి, ఈ రోజు 50 కౌంట్ (కిలోకి యాభై తూగే రొయ్య) ధరెంత అన్నవి ఫోన్‌లో చూసుకోవడానికి మా మేనల్లుడు ఒక వెబ్ అప్లికేషన్ రాశాడు. దానికి పాస్‌వర్డు, మేత వేళలు, ధర లాంటి సెట్టింగులు మొత్తం పదకొండు. యాప్ రాయడానికి వాడికి మూడు వారాలు పట్టింది. ఆ పదకొండూ ఎక్కడ పెట్టాలన్న చర్చ మాత్రం సంక్రాంతికి మొదలై మొహర్రం దాకా సాగింది.

ఇంతకాలం ఎందుకని నవ్వేవాళ్లకి విషయం తీవ్రత తెలియదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ సుమారు ఆరు గంటలు మూగబోయాయి. కారణం రౌటర్లలో ఒక కాన్ఫిగరేషన్ మార్పు, అంటే సెట్టింగుల మార్పే. అన్ని వేలమంది ఇంజనీర్లున్న చోటే అట్టా జరిగితే, ఒక మేనల్లుడూ ఒక ఇన్వర్టరూ ఉన్న మన గతేంటి?

మొదట ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అనుకున్నాం, అంటే సెట్టింగుల్ని కోడ్‌లో కాకుండా అది నడిచే మెషీన్‌లో పెట్టడం. 2011లో హెరోకు అనే యాప్‌లు నడిపిపెట్టే కంపెనీ వాళ్లు రాసిన పన్నెండు సూత్రాల్లో మూడోది ఇదే: సెట్టింగులు కోడ్‌లో ఉండకూడదు, బయట ఉండాలి. వాళ్లు ఒక పరీక్ష కూడా పెట్టారు. మీ కోడ్‌ని ఇప్పటికిప్పుడు లోకమంతా చూసేలా పెడితే పాస్‌వర్డులు బయటపడతాయా? మేం ఆ పరీక్ష ఘనంగా పాసయ్యాం. మా పాస్‌వర్డు కోడ్‌లో లేదు, మేత కంపెనీ క్యాలెండర్ వెనకాల ఎర్ర ఇంకుతో ఉంది. అయినా ఆ పద్ధతిని తోసిపుచ్చాం. ఖర్చు లేదు, కష్టం లేదు, నలుగురిలో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

తర్వాత సెట్టింగులు ఫైల్లో రాసుకునే పద్ధతుల్లో ఒకటైన జేసన్ అనుకున్నాం. దాన్ని బావ ఒక్క ప్రశ్నతో కొట్టేశాడు. అమావాస్యకి రొయ్య కుబుసం విడుస్తుంది, మేత తగ్గించాలి. ఆ ముక్క మేత అంకె పక్కన రాసుకోవచ్చా? కుదరదు, జేసన్‌లో కామెంట్లకి చోటు లేదు. "పక్కన రెండు ముక్కలు రాసుకోలేని పుస్తకం పుస్తకమేందిరా?" అన్నాడు.

అప్పుడు అలాంటిదే ఇంకో ఫైల్ పద్ధతి, యామల్ వచ్చింది. కామెంట్లుంటాయి, చూడటానికి చిట్టా పుస్తకంలా పొందిగ్గా ఉంటుంది. గుంటల నంబర్లు 001 నుంచి 014 దాకా నీటుగా కొట్టి, మేనల్లుడు హాయిగా నిద్రపోయాడు. వాడికి తెలియనిదేమిటంటే, యామల్ పాత పద్ధతిలో సున్నాతో మొదలయ్యే అంకెని ఎనిమిదుల లెక్కలో (7 తర్వాత 10 వచ్చే లెక్క) చదువుతారు. 010 ఎనిమిదైంది, 012 పదైంది. పదో గుంట నుంచి అన్నీ రెండు మెట్లు కిందికి జారాయి. పోనీ వేళలైనా బాగున్నాయా అంటే, సాయంత్రం 18:30 మేతని అది నిమిషాలు లెక్కగట్టి 1110 అని తేల్చింది. పొద్దున 06:00 సున్నాతో మొదలైంది కాబట్టి బతికిపోయింది. మూడు రోజులపాటు యాప్ లెక్కలో మా రొయ్యలు టిఫిన్ చేసి రాత్రికి పస్తు పడుకున్నాయి.

గుమాస్తా వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "అబ్బయా, పన్నెండులో మేతేస్తా ఉంటే నీ ఫోను పదిలో ఏశామంటా ఉండాది. యాడన్నా దెయ్యం గియ్యం పట్టిందేమో చూసుకో."

అంకెల చుట్టూ కొటేషన్ మార్కులు పెడితే సరిపోయేది. కానీ సమస్య ఇంత చిన్నదని ఒప్పుకుంటే ఆర్నెల్ల చర్చకి గౌరవం ఏముంటుంది? అందుకే ఎట్‌సీడీ తెచ్చాం, ఒకే సమాచారాన్ని చాలా మెషీన్లలో ఒకేలా దాచే డేటాబేస్ అది. పెద్ద కంపెనీలు బోలెడు సర్వర్ల మీద యాప్‌లు నడపడానికి వాడే కుబర్‌నెటీస్ తన స్థితినంతా దాచుకునేది దీంట్లోనే. ఒక్క మెషీన్ మీద కూడా నడుస్తుంది గానీ, అట్టా నడపడం మర్యాద కాదు. మూడుంటే ఒకటి పోయినా మిగతా రెండూ మెజారిటీతో పని నడిపిస్తాయి. ఊరి పెద్దమనుషుల్ని బేసి సంఖ్యలో కూర్చోబెట్టినట్టే. మూడు మెషీన్లు కొన్నాం. మూడింటినీ మేత బస్తాల గదిలో ఒకే బల్ల మీద పెట్టి, ఒకే ఇన్వర్టరుకి తగిలించాం. ఇప్పుడు కరెంటు పోయి ఇన్వర్టరు కూడా చేతులెత్తేస్తే మూడూ ఏకగ్రీవంగా ఆగిపోతాయి.

ఈ విషయంలో నా అభిప్రాయం స్పష్టం. టూల్‌ని సెట్టింగుల సంఖ్యని బట్టి ఎంచుకోవడం పిసినారితనం. తప్పు జరిగితే ఎవరిదో తేలకుండా ఎంతమంది మధ్య పంచగలదో చూసి ఎంచుకోవాలి. ఆ లెక్కన ఎట్‌సీడీకి సాటి లేదు.

గుమాస్తా పుస్తకం గురించి చెప్పక తప్పదు. నా వాదనకి అదొక్కటే అడ్డం. ధర మారితే పాతది చెరిపేయడు, దాని మీద ఒక్క గీత గీస్తాడు. పక్కన కొత్తది, తేదీ, ఎవరు చెప్పారో పొడి అక్షరాల్లో. ఎట్‌సీడీలో ఏం కొట్టాలో మా మేనల్లుడు రోజూ ఫోన్ చేసి కనుక్కునేది ఆయన్నే.

మొన్న ధర పడింది. మేనల్లుడు పొద్దుటి నుంచి ఫోన్ కొడుతూనే ఉన్నాడు, ఎత్తలేదు. మూడు సర్వర్లూ నిన్నటి ధర మీద గట్టిగా ఏకాభిప్రాయంతో నిలబడ్డాయి. సాయంత్రానికి కబురు తెలిసింది. గుమాస్తా రొట్టెల పండక్కి నెల్లూరు పోయి, స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడట. ఏ రొట్టె తీసుకున్నాడని బావ అడిగాడు.

ఉద్యోగం రొట్టె.