తెల్లరంగు డబ్బా గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెల్లరంగు డబ్బా గారికి,

మీ మీద నాకు కోపమేమీ లేదండీ, జాలే. హైదరాబాద్ లాంటి ఊళ్లో బతకాలంటే కాస్త ఖరీదుగా ఉండాలి, అది మీకు చేతకాలేదు. దుర్గం చెరువు తీగల వంతెనను చూడండి, 184 కోట్లు, రాత్రయితే రంగురంగుల లైట్లు, జనం పనిగట్టుకుని వెళ్లి సెల్ఫీలు దిగుతారు. మీతో గీసిన జీబ్రా క్రాసింగ్ దగ్గర ఎవరైనా సెల్ఫీ దిగారా? దిగుదామని నిలబడితే ఆటో ఆగదు, అది వేరే సంగతి.

మీరు చేయగల పనులు తక్కువేం కాదు. మా కాలనీ మలుపులో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది, రాత్రిపూట నల్లటి రోడ్డు మీద నల్లగా పడుకుని ఉంటుంది, బండి గాల్లోకి లేచాక గానీ అది అక్కడుందని తెలియదు. నాలుగు చారలు కొడితే చాలు. బస్టాపులో ఏ నంబరు బస్సు ఆగుతుందో, ఎటు పోతుందో రాసినా చాలు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు కనిపించిన ప్రతివాళ్లనీ "అన్నా, 218 ఇక్కడ ఆగుతదా?" అని అడుక్కోనక్కర్లేదు. ఎండను తిప్పికొట్టే తెల్లపూత డాబా మీద వేస్తే ఇంట్లో వేడి రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గుతుందట. దీనికోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. పాలసీ వచ్చింది, మా వీధికి మీరే రాలేదు. మా పై పోర్షన్ వాళ్లు మే నెలంతా పొద్దుగూకాక డాబా మీద బక్కెట్లకొద్దీ నీళ్లు గుమ్మరిస్తూనే ఉన్నారు, ఆ నీళ్లేమో ట్యాంకర్ నీళ్లు.

అసలు దొరకరని కాదు. "ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు" అని రాయడానికి దొరుకుతారు (అది చదువుకుంటూనే కానిస్తారు). ఎన్నికలొస్తే ఏ గోడ మీద చూసినా మీరే. 2017 నవంబరులో అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ వస్తున్నారనగానే ఆవిడ తిరిగే రోడ్లన్నీ కొత్తపెళ్లికూతుళ్లయ్యాయి. ఆవిడ మా కాలనీ వైపు వచ్చి ఉంటే బాగుండేది.

మీలో లోపం ఒక్కటే, మీకు శిలాఫలకం పెట్టలేం. చారలకు రిబ్బన్ ఎక్కడ కట్టాలి? కాంట్రాక్టరుకు మిగిలేదెంత? అందుకని ఒక సలహా. పేరు మార్చుకోండి, 'ఇంటిగ్రేటెడ్ స్మార్ట్ మార్కింగ్ మిషన్' లాంటిదేదైనా. ఒక కన్సల్టెంటును పెట్టుకోండి, స్టడీ టూరని సింగపూర్ వెళ్లి రండి, డీపీఆర్ (అదే, ప్రాజెక్టు వివరాల నివేదిక) మాత్రం ఎవరూ చదవలేనంత లావుగా ఉండాలి, మొదటి దశ మొదలవకముందే రెండో దశ ప్రకటించేయండి. అంచనా వ్యయం కోట్లలోకి వెళ్లనివ్వండి, అప్పుడు మీ చుట్టూ ఎంతమంది తిరుగుతారో చూద్దురు గాని.

ప్రారంభోత్సవం ఎప్పుడో చెప్తే తప్పకుండా వస్తాను, రోడ్డుకు ఇవతల పక్క పెడితేనే.

ఇట్లు,
మియాపూర్‌లో ఒక నడిచిపోయే మనిషి