పరీక్ష హాలుగా బతికిపోయిన ప్రదర్శనశాల

మెల్‌బోర్న్‌లో చదువుతున్న మా అక్క కూతురు సెమిస్టర్ పరీక్ష రాసి బయటికి రాగానే ఫోన్ చేసింది. పేపర్ ఎలా వచ్చిందే అంటే, "పేపర్ సంగతి వదిలెయ్ పిన్నీ, సీలింగ్ మాత్రం అదిరిపోయింది" అంది. ఆ సీలింగ్ ఒక పెద్ద గోపురం లోపలి భాగం. దాని కింద చెక్క నేల మీద వందల బల్లలు వరసగా వేశారట. జూన్ అంటే అక్కడ చలికాలం. అంత ఎత్తు హాలు ఎక్కడ వేడెక్కుతుంది? స్వెట్టర్ మీద జాకెట్ వేసుకుని, మధ్యమధ్యలో చేతులు రుద్దుకుంటూ రాసిందట.

ఆ హాలు పేరు రాయల్ ఎగ్జిబిషన్ బిల్డింగ్. 1880లో ప్రారంభమైంది. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆస్ట్రేలియాలో ఆ గుర్తింపు పొందిన మొదటి భవనం అదే. అలాంటి చోట పరీక్షలేంటని మొదట నాకూ అనిపించింది. మన దగ్గరైతే తాళం వేసి, టికెట్ పెట్టి, 'తాకరాదు' అని బోర్డు తగిలించేవాళ్లం. దాని చరిత్ర తిరగేశాక అభిప్రాయం మార్చుకున్నాను. పరీక్షల్లాంటి చిల్లర పనులే దాన్ని నిలబెట్టాయి. వారసత్వ హోదా చివర్లో వచ్చి దండ వేసింది, అంతే.

బంగారు గనుల డబ్బుతో పొంగిపోతున్న రోజుల్లో మెల్‌బోర్న్ అంతర్జాతీయ ప్రదర్శన తలపెట్టింది. జోసెఫ్ రీడ్ అనే ఆర్కిటెక్ట్ ఫ్లోరెన్స్ కేథడ్రల్ గోపురాన్ని మనసులో పెట్టుకుని డిజైన్ చేశాడు. కాంట్రాక్టర్ డేవిడ్ మిచెల్, తర్వాతి కాలంలో ఒపెరా గాయనిగా పేరు మోగిన నెల్లీ మెల్బాకు తండ్రి. 1880 అక్టోబరు 1న తలుపులు తెరిచారు. యంత్రాలు, పియానోలు, ద్రాక్షసారాలు, దేశదేశాల సరుకులు చూడడానికి జనం విరగబడ్డారు. ప్రదర్శన అయ్యాక తాత్కాలిక షెడ్లు పీకేశారు. 1888లో ఇంకో పెద్ద ప్రదర్శన పెట్టారు, ఈసారి కరెంటు దీపాలతో. ఆ వెంటనే 1890ల ఆర్థిక మాంద్యం వచ్చి పడింది, సంబరాలకు డబ్బుల్లేవు.

పెళ్లయ్యాక పందిరి విప్పేస్తారు. ఇటుకలు పేర్చి, గోపురం ఎత్తి కట్టిన పందిరిని ఏం చేయాలి? ప్రపంచంలో ప్రతి ప్రదర్శనశాలకూ ఎదురైన ప్రశ్నే ఇది. అంతకు ఏడాది ముందు, 1879లో సిడ్నీ వాళ్లు ఎక్కువగా కలపతో గార్డెన్ ప్యాలెస్ కట్టారు. ప్రదర్శన అయ్యాక దాన్ని ప్రభుత్వ రికార్డులకు గోదాముగా, ఆఫీసులుగా వాడుకున్నారు. 1882 సెప్టెంబరులో ఒక్క పొద్దుటిలో కాలి బూడిదైంది. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ 1881 జనాభా లెక్కల కాగితాలు, ఆదిమవాసుల కళాఖండాలు దాంతోపాటే పోయాయి. కాబట్టి ఏదో ఒక పనికి వాడుకుంటే చాలు, భవనం బతికిపోతుందని నేననను. కలప హాల్లో ఊరి కాగితాలన్నీ కుక్కడం కూడా వాడకమే మరి.

మెల్‌బోర్న్ హాలుకు దొరికిన పెద్ద పని 1901 మే 9న. ఆస్ట్రేలియా తొలి పార్లమెంటు ప్రారంభం అక్కడే జరిగింది. సుమారు 12,000 మంది అతిథులు. విక్టోరియా మహారాణి చనిపోయి నాలుగు నెలలు కూడా కాలేదు కాబట్టి చాలామంది నల్లబట్టల్లోనే వచ్చారు. వేడుక అయ్యాక కొత్త పార్లమెంటుకు ఇల్లు లేదు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం తన అసెంబ్లీ భవనాన్ని దానికి ఇచ్చేసి, తాను ఈ ఎగ్జిబిషన్ బిల్డింగ్ పడమటి అనుబంధ భవనంలో సర్దుకుంది. చుట్టానికి పడకగది ఇచ్చి ఇంటివాళ్లు వసారాలో పడుకున్నట్టు. ఆ చుట్టం కొత్త రాజధాని కాన్‌బెర్రాకు వెళ్లేసరికి 1927 అయింది. 26 ఏళ్లు వసారాలోనే!

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ భవనం ద్వారం మీద 'విక్టోరియా అన్ని దేశాలకూ స్వాగతం పలుకుతోంది' అని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. ఈ గోపురం కింద మొదలైన పార్లమెంటే అదే ఏడాది డిసెంబరులో వలసల నియంత్రణ చట్టం చేసింది. తెల్లవాళ్లు కానివాళ్లను రానివ్వకుండా ఆపడమే దాని పని. ఆ మాట పైకి అనలేదు, డిక్టేషన్ పరీక్ష పెట్టారు. ఏదో ఒక యూరప్ భాషలో 50 పదాలు అధికారి చదువుతాడు, వచ్చినవాడు తప్పు లేకుండా రాయాలి. భాష ఏదన్నది అధికారి ఇష్టం. ఇంగ్లిష్ వచ్చినవాడికి జర్మన్ పెట్టొచ్చు. తప్పించడానికే పెట్టిన పరీక్షలో పాస్ అయ్యేదెవరు? 1958 దాకా ఆ పరీక్ష చట్టంలోనే ఉంది. తెల్లవాళ్లకే చోటు అన్న ఆ విధానం పూర్తిగా పోవడానికి 1973 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు అదే గోపురం కింద గుంటూరు, కరీంనగర్ పిల్లలు చేతులు రుద్దుకుంటూ పరీక్షలు రాస్తున్నారు. ద్వారం మీది మాట నిజం కావడానికి అంత కాలం పట్టింది.

తర్వాతి పనుల్లో పార్లమెంటు దర్జా లేదు. 1919 ఫ్లూలో హాలంతా మంచాలు వేశారు, 4,000 మందికి పైగా రోగులు అక్కడ చేరారు. 1922లో యుద్ధ మ్యూజియం వచ్చి కొన్నేళ్లు ఉండి సిడ్నీకి వెళ్లిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళం కుర్రాళ్లు పడుకున్నారు. 1949 నుంచి 1962 దాకా యూరప్ నుంచి ఓడ దిగిన వలసదారులకు ఆ ఆవరణే తొలి మకాం. మధ్యలో 1956 ఒలింపిక్స్ వస్తే కుస్తీలు, బరువులెత్తడం, బాస్కెట్‌బాల్ పోటీలు అక్కడే పెట్టారు. కార్ల ప్రదర్శనలు, పూల ప్రదర్శనలు సరే సరి. 2021లో కోవిడ్ టీకా కేంద్రమైంది. ఫ్లూ మంచాలు వేసిన చోటే, 102 ఏళ్ల తర్వాత, టీకా కోసం క్యూ.

ఇలా వాడితే భవనం పాడైపోదా అంటే, పాడైంది. ఒక వైపు భాగం 1953లో కాలిపోయింది, అందులోని అక్వేరియంతో సహా. లోపలి పాత చిత్రాల మీద మామూలు రంగులు పూసేశారు. 1979లో పెద్ద బాల్‌రూమ్‌ను కూల్చేస్తే జనం గొడవ చేశారు. అంతకుముందు 1948లో హాలునే కూల్చేద్దామా అని సిటీ కౌన్సిల్ ఓటింగ్ దాకా వెళ్లింది. కొద్ది ఓట్ల తేడాతో గండం గడిచింది. అప్పటికి దాని వయసు 68 ఏళ్లు. దాన్ని అపురూపమైన కట్టడంగా చూసినవాళ్లు తక్కువే. అయినా ఏదో ఒక పని మీద అందులో అడుగుపెట్టినవాళ్లు ఊళ్లో లక్షల్లో ఉన్నారు. ఆర్కిటెక్చర్ పుస్తకాల కంటే వీళ్ల బలమే పెద్దదని నా లెక్క. ఒకరికి ఆస్పత్రి, ఒకరికి తొలి మకాం, ఒకరికి డిగ్రీ పరీక్ష. అంతమంది సొంతం అనుకునేదాన్ని కూల్చడం ఏ కౌన్సిల్‌కైనా కష్టమే.

మనకు దగ్గర ఉదాహరణ నాంపల్లి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారిన నుమాయిష్ అనే ప్రదర్శన ఏడాదిలో నెలన్నర. అదే మైదానంలో మృగశిర కార్తెకు చేప ప్రసాదం క్యూలు. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ అంటే హైదరాబాద్‌లో ఒక్కొక్కరికి ఒక్కో జ్ఞాపకం.

ఢిల్లీ ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్‌కు ఆ అదృష్టం పట్టలేదు. 1972లో ఏషియా-72 ప్రదర్శన కోసం కట్టారు. ఆర్కిటెక్ట్ రాజ్ రేవల్, ఇంజినీర్ మహేంద్ర రాజ్. స్టీలు ఖరీదు ఎక్కువని, మిగతా ప్రపంచం స్టీలుతో చేసే స్పేస్ ఫ్రేమ్‌ను, అంటే కడ్డీలను త్రికోణాలుగా అల్లి కట్టే చట్రాన్ని, కూలీల చేత కాంక్రీటుతో పోయించారు. మధ్యలో స్తంభం లేని అంత పెద్ద హాలు అలా కట్టడం ప్రపంచంలో అదే మొదలు. ఇంజినీరింగ్‌లో మెల్‌బోర్న్ గోపురం దాని ముందు దిగదుడుపే. కానీ 45 ఏళ్లలో అది చేసిన పని దాదాపు ఒక్కటే, స్టాళ్లకు అద్దెకివ్వడం. పుస్తకాల పండగ, ట్రేడ్ ఫెయిర్. అద్దెకిచ్చేవాళ్లకు ఇంకా పెద్ద హాలు కావాల్సి వచ్చింది. దేశవిదేశాల ఆర్కిటెక్టులు, మ్యూజియాలు వద్దని ఉత్తరాలు రాశాయి. ఢిల్లీ వారసత్వ కమిటీ మాత్రం 60 ఏళ్లు నిండని కట్టడాన్ని పరిశీలించబోమంది. హైకోర్టులోనూ ఊరట దొరకలేదు. 2017 ఏప్రిల్ 23, ఆదివారం రాత్రి కూల్చేశారు. ఆ ఆవరణలోనే ఇప్పుడు భారత్ మండపం ఉంది, జీ-20 సమావేశాలు దాంట్లోనే జరిగాయి.

ఉండి ఉంటే ఆ హాలుకు 2032లో షష్టిపూర్తి.