ప్రమాదం జరిగితే చాలు, అనుమానం అక్కర్లేదు

మెల్‌బోర్న్‌లో కారు నడుపుతూ ప్రమాదానికి గురై ఆసుపత్రికి చేరిన వాళ్ల దగ్గర చికిత్సతో పాటే రక్త నమూనా కూడా తీసుకుంటారు. తాగారా అని ఎవరూ అడగరు. మీరు ప్రొఫెసరా, పూజారా, పాల వ్యాను నడిపేవారా అన్నదీ చూడరు. పదిహేనేళ్లు నిండితే ఇవ్వాల్సిందే, ఇవ్వనంటే అదే నేరం. ఒక సీసా పోలీసులకు వెళ్తుంది, ఒకటి మీ చేతికే ఇస్తారు. పోలీసుల లెక్క మీద నమ్మకం లేకపోతే వేరే చోట పరీక్ష చేయించుకోవచ్చు.

విక్టోరియా రాష్ట్రంలో ఈ పద్ధతి 1974 నుంచి ఉంది. దానికోసం గట్టిగా పట్టుబట్టిన వాళ్లలో శస్త్రవైద్యులు ముందున్నారు. నుజ్జయిన శరీరాలను రాత్రంతా కుట్టేది వాళ్లే కదా. 1970లో ఈ రాష్ట్రంలో రోడ్ల మీద 1,061 మంది చనిపోయారు. జనాభా రెట్టింపైన ఈ రోజుల్లో ఆ సంఖ్య ఏడాదికి 300 అటూ ఇటూగా ఉంది. ఆ ఘనతంతా రక్త పరీక్షకే కట్టబెట్టను. సీటు బెల్టు ఉంది, 1976లో మొదలైన దారి మీది శ్వాస పరీక్షలున్నాయి, రోడ్లూ కార్లూ మెరుగుపడ్డాయి. అయితే ఎన్ని ప్రమాదాల వెనక మద్యం ఉందో ఇక్కడి ప్రభుత్వానికి తెలుసు. తెలిసింది కాబట్టే చట్టాలను ఒక్కొక్కటిగా బిగించగలిగింది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి చూద్దాం. 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. అందులో మద్యం, మత్తు పదార్థాల ఖాతాలో పడినవి మూడు శాతం లోపే. అమెరికాలో ఇలాంటి లెక్క ముప్పై శాతం దగ్గర ఉంటుంది. రెండు దేశాల కొలతలు ఒకటి కావని ఒప్పుకుంటాను. అంతమాత్రాన మనవాళ్లు అమెరికన్ల కన్నా పదింతలు నిష్ఠాపరులని, పెళ్లి విందుల తర్వాత బండ్లు ఎలా కదులుతాయో చూసినవారెవరైనా నమ్మగలరా? పరీక్ష జరగని ప్రమాదం మద్యం ఖాతాలోకి ఎలా వస్తుంది? దాన్ని ‘అతివేగం’ గడిలో వేసి ఫైలు మూసేస్తారు.

లోపం చట్టంలోనే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 203వ సెక్షన్ ప్రకారం, ప్రమాదం జరిగాక డ్రైవరు తాగి ఉన్నాడని అనుమానించడానికి తగిన కారణం కనిపిస్తే, పోలీసు అధికారి శ్వాస పరీక్ష అడగవచ్చు. అనుమానం రావాలి, వచ్చాక అడగాలనిపించాలి. 2019 సవరణలో జరిమానాను పది వేల రూపాయలకు పెంచారు గానీ ఈ ‘అడగవచ్చు’ను అలాగే ఉంచేశారు. పలుకుబడి దూరేది సరిగ్గా ఆ సందులోంచే. బైకు మీద వెళ్లే మేస్త్రీని చూస్తే వెంటనే కలిగే అనుమానం, తెల్ల చొక్కా పెద్దమనిషి కారు దిగేసరికి కలగదు. కలిగినా, ఫలానావారి తాలూకు అని ఒక ఫోను వస్తుంది. ఆ ఫోను సంభాషణ నడిచినంత సేపూ ఒంట్లో మద్యం కరిగిపోతూనే ఉంటుంది.

ఎంత కరుగుతుందో లెక్క కట్టవచ్చు. మన చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. సగటు మనిషి ఒంట్లో గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు తగ్గుతుంది. 2024 మే 19న పుణెలోని కల్యాణి నగర్‌లో పదిహేడేళ్ల కుర్రవాడు నడిపిన పోర్షే కారు ఇద్దరు యువ ఇంజనీర్ల ప్రాణం తీసింది తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో. ససూన్ ఆసుపత్రిలో రక్తం తీసింది పగలు పదకొండింటికి. ఆ ఎనిమిదిన్నర గంటల్లో 120 మిల్లీగ్రాములకు పైగా మాయం కాగలదు. అంటే హద్దుకు నాలుగింతలు తాగినవాడు కూడా కడిగిన ముత్యంలా బయటపడగలడు. అంత వ్యవధి కూడా చాలలేదేమో, ఆ నమూనాను పారేసి తల్లి రక్తం పెట్టారన్నది పోలీసుల అభియోగం. ఇద్దరు వైద్యులు అరెస్టయ్యారు. 2019 ఆగస్టులో తిరువనంతపురంలో ఒక ఐఏఎస్ అధికారి కారు ఢీకొని పాత్రికేయుడు చనిపోయిన కేసులోనూ రక్తం తీయడం గంటల తరబడి ఆలస్యమైంది. పరీక్షలో మద్యం కనబడలేదు. ఆయన తాగారో లేదో నేను చెప్పను, చెప్పలేను కూడా. వెంటనే పరీక్ష జరిగి ఉంటే, తాగకపోతే ఆయనకూ ఆ మచ్చ తప్పేది.

పరీక్ష లేకపోతే కేసు ఎంత సాగుతుందో చూడండి. 2007 డిసెంబరులో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఒక కారు, అదీ పోర్షేనే, బోల్తాపడి కాలిపోయింది. శ్వాస పరీక్షా లేదు, రక్త పరీక్షా లేదు. ఆసుపత్రి కాగితంలో ‘మద్యం వాసన’ అన్న మాటే ప్రధాన ఆధారం. డ్రైవరు తాగి ఉన్నాడా, బీమా డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది సుప్రీంకోర్టు 2021లో బీమా కంపెనీ వైపు తేల్చింది. ఒక చిన్న గొట్టంలో ఊదితే నిమిషంలో తేలే విషయానికి పదమూడేళ్లు పట్టింది.

హైదరాబాద్ పోలీసుల వారాంతపు ‘డ్రంక్ అండ్ డ్రైవ్’ తనిఖీలను తక్కువ చేయను. పట్టుబడ్డవాళ్లకు గోషామహల్‌లో ఇచ్చే కౌన్సెలింగ్ అంటే జంకేవాళ్లు నాకు తెలుసు. అవి ప్రమాదం జరగక ముందు చేసే పని. జరిగాక ఏమిటన్నదే నా ప్రశ్న. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర బస్సు కాలిపోయిన ఘోరంలో చనిపోయిన బైకు నడిపిన యువకుడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. పోస్టుమార్టం బల్ల మీదికి చేరిన వాడికి ఈ పరీక్ష జరిగింది. బతికి బయటపడ్డవాడి వంతు వచ్చేసరికే పోలీసు విచక్షణ గుర్తొస్తుంది.

అందరి రక్తం తీయడం వేధింపు కాదా అని ఇక్కడి మన తెలుగు సంఘంలోనే కొందరు మిత్రులు వాదిస్తారు. ఇదే మిత్రులు ఇక్కడ దీపావళి విందుకు ముందే తిరుగు ప్రయాణంలో కారు ఎవరు నడపాలో భార్యతో మాట్లాడుకుని వస్తారు. డిసెంబరులో ఊరికి వెళ్తే బావమరిది ఏ స్థితిలో నడుపుతున్నా పక్క సీట్లో హాయిగా కూర్చుంటారు.

వేధింపు భయం ఉన్నచోటే నియమం అందరికీ ఒకటిగా ఉండాలి. అమెరికాలో లారీ, బస్సు డ్రైవర్లకు అలాంటిది ఉంది. ప్రమాదంలో మనిషి చనిపోతే రెండు గంటల్లో మద్యం పరీక్ష చేయించాలి. దాటితే ఎందుకు ఆలస్యమైందో యజమాని కాగితం మీద పెట్టాలి.

తెలుగు రాష్ట్రాలు ఇలాంటి పనికి పార్లమెంటు చట్టం మార్చేదాకా ఆగనక్కర్లేదు. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి రాష్ట్ర సవరణ తెచ్చి రాష్ట్రపతి ఆమోదం కోరవచ్చు. అప్పటిదాకా డీజీపీ ఒక ఆదేశం ఇవ్వవచ్చు: మరణమో తీవ్ర గాయమో సంభవించిన ప్రతి ప్రమాదంలో డ్రైవరుకు రెండు గంటల్లో పరీక్ష అడిగారా లేదా, అడగకపోతే ఎందుకు అన్నది కేసు డైరీలో అధికారి సంతకంతో ఉండాలి. రక్తం తీస్తే సూది గుచ్చే చోట స్పిరిట్ దూది వాడకూడదు, నమూనా చెడకుండా సీసాలో ఫ్లోరైడ్ ఉండాలి, సీలు వేసిన రెండో సీసా డ్రైవరుకు ఇవ్వాలి. వచ్చే వేసవిలో మన సంఘం ప్రతినిధులు రెండు రాజధానులకూ వెళ్తున్నారు. శాలువాల కార్యక్రమాలు ముగిశాక ఒక అరగంట మిగిలితే, ఈ వినతిపత్రం హోంశాఖ కార్యదర్శుల బల్ల మీద పెట్టి రమ్మని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ముసాయిదా నేను రాసిస్తాను.