ఓవల్ ట్రాకులో ప్రదక్షిణం

రిమోట్ కార్ల ఓవల్ రేసు గురించి తెలియనివాళ్లకి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. కారు ఎడమ వైపుకే తిరగాలి. కాస్త దూరం తిన్నగా, తర్వాత ఎడమకి, మళ్లీ తిన్నగా, మళ్లీ ఎడమకి. హీటు, అంటే ఒక విడత పోటీ, అయ్యేదాకా అంతే. అమెరికాలో మేముండే షార్లట్ చుట్టుపక్కల ఈ పిచ్చికి లోటు లేదు. నాస్కార్ కార్ల పందేల టీముల్లో చాలావాటి గ్యారేజీలు ఇక్కడే ఉన్నాయి. పక్కనే కాన్‌కర్డ్‌లో మైలున్నర ట్రాకుంది, మలుపుల్లో 24 డిగ్రీల వాలుతో. అక్కడ వాళ్లు నిజం కార్లతో చేసేదాన్నే, చలికాలంలో ఖాళీ గోడౌన్లో కార్పెట్ పరిచి, చుట్టూ చెక్క బోర్డులు పెట్టి, పదో వంతు సైజు కార్లతో చేసేవాళ్లు కొందరున్నారు. ఆ కొందరిలో మా బామ్మర్ది ఒకడు. వాడు నన్ను ఇందులోకి లాగాడు. ఎలా లాగాడో, అందుకు నాకెంత వదిలిందో ఇక్కడ రాయను. మా ఆవిడ చదువుతుంది.

సెటప్ అంటే కారు తిన్నగా పోయేలా చేయడం అనుకున్నాను. తప్పట. కొన్నప్పుడు తిన్నగానే ఉన్న కారుని శాస్త్రోక్తంగా వంకర చేయడమే ఓవల్ సెటప్.

"చూడు బావా, ఎడమకి తిరిగినప్పుడు బరువంతా కుడి చక్రాల మీద పడుతుంది కదా, అందుకని ముందే ఎడమ పక్క బరువు పెంచి ఉంచాలి" అన్నాడు. సరే అన్నాను. కుడి వెనక టైరు ఎడమ వెనక దానికంటే కాస్త పెద్దదిగా ఉండాలన్నాడు. ఎందుకని అడిగితే, నేను తాగుతున్న కాఫీ పేపరు కప్పు లాక్కుని టేబుల్ మీద పడుకోబెట్టి దొర్లించాడు. అది గుండ్రంగా తిరిగింది, మిగిలిన కాఫీ కూడా. ఒక అంచు పెద్దది, ఒక అంచు చిన్నది అయితే ఏదైనా చిన్న అంచు వైపుకే తిరుగుతుంది, వెనక చక్రాలు రెండిటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌ని బిగించేకొద్దీ మన కారూ అంతే అన్నాడు. ముందు చక్రాలు రెండూ పైభాగం ఎడమకి ఒరిగి ఉండాలట. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. చూస్తే ఎవరో కుడి పక్క నుంచి తన్నినట్టుంటుంది. అదే కరెక్టట.

ఇక కాటాల సంగతి. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి ఏ చక్రం మీద ఎంత బరువుందో చూడాలి. దీనికోసమే చేసిన కాటాల సెట్లు దొరుకుతాయి, ఖరీదెక్కువ. అందుకని బామ్మర్ది వంటింట్లో పిండి తూచుకునే డిజిటల్ కాటాలు నాలుగు పట్టుకొచ్చాడు. మా కిచెన్ గ్రానైటు మీద రసమట్టం పెట్టి చూస్తే బుడగ ఒక పక్కకి పారిపోయింది. రెండు కాటాల కింద విజిటింగ్ కార్డులు దోపాం. మూడోది గ్రాములు చూపించనని మొండికేసి ఔన్సుల్లోనే చెప్పింది. పైగా ఈ వంటింటి కాటాలకి కరెంటు ఆదా చేసే జబ్బుంది, కాసేపు ఎవరూ కదపకపోతే వాటంతటవే ఆరిపోతాయి. నాలుగో చక్రం అంకె కాగితం మీద రాసుకునేసరికి మొదటి కాటా నిద్రపోయేది. దాన్ని లేపితే కారుని దించి మళ్లీ సున్నా నుంచి మొదలు. తులాభారంలో రుక్మిణమ్మ ఒక్క తులసిదళంతో పని ముగించింది. మావాడు అయిదేసి గ్రాముల సీసం ముక్కలు డబ్బా ఖాళీ అయ్యేదాకా అంటించి, పీకి, మళ్లీ అంటించాడు. కుడి ముందు చక్రం, ఎడమ వెనక చక్రం బరువు కలిపితే మొత్తంలో సగానికి కాస్త పైన ఉండాలట. మరీ ఎక్కువైతే కారు మలుపులో ముక్కు తిప్పకుండా బయటికి పోతుంది, దాన్ని పుష్ అంటారు. తక్కువైతే తోక జారి గిర్రున తిరుగుతుంది, అది లూజ్. కిలో చిల్లర బరువున్న కారుకి ఇంత పంచాయితీ.

చివర్లో రిమోటు తీసుకుని ఇంకో ఘనకార్యం చేశాడు. చక్రం ఎడమకి ఎంత తిరగాలి, కుడికి ఎంత తిరగాలి అన్నది రిమోట్లో విడివిడిగా పెట్టుకోవచ్చు. ఎండ్ పాయింట్ అంటారు. "కుడికి మనకి పనేముంది బావా" అంటూ కుడి వైపుది 40 శాతానికి దించేశాడు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. వాడు ఇప్పుడు అలా అనలేదంటున్నాడు.

శనివారం రేసు. టెక్ తనిఖీ, ప్రాక్టీసు, మొదటి హీటు, ఇవన్నీ జరిగాయి, ఎవరికీ దెబ్బ తగల్లేదు, వదిలేద్దాం.

మొదటి హీటు అయ్యాక మా అత్తగారు వచ్చారు. భీమవరం నుంచి వచ్చి నెల దాటింది, ఇంట్లో తోచడం లేదని మా ఆవిడ దింపి వెళ్లింది. హాల్లో అడుగుపెడుతూనే ముక్కు ఎగబీల్చి, "ఎవరికిరా నడుం నొప్పి?" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. కార్పెట్ మీద పట్టు కోసం ఫోమ్ టైర్లకి ఒక ద్రావకం పూస్తారు, సాస్ అంటారు దాన్ని. వింటర్‌గ్రీన్ నూనె కలిసిన రకాలకి అచ్చం మన నొప్పుల మందు వాసనే. ఆ కంపు భరించలేక కొన్ని ట్రాకులవాళ్లు దాన్ని నిషేధించారు కూడా. మాది ఇంకా నిషేధించని ట్రాకు. ముప్పై మంది మగాళ్లు తలలు వంచుకుని టైర్లకి అమృతాంజనం రాస్తున్న దృశ్యాన్ని ఆవిడ కాసేపు జాలిగా చూసి, కంచె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

కూర్చుని ఊరుకోలేదు. "అల్లుడుగారూ, ఇదేంటి, అందరూ అప్రదక్షిణంగా తిరుగుతున్నారు?" అన్నారు.

ఇక్కడ అంతేనండీ అన్నాను.

"ఏమోనమ్మా. గుళ్లో చిన్నపిల్లలు పొరపాటున అటు తిరిగినా లాక్కొస్తాం."

నా రెండో హీటు పిలిచారు. ఆరు కార్లు. మేం ఆరుగురం రిమోట్లు పట్టుకుని ఎత్తు స్టాండు మీద వరసగా నిలబడ్డాం. ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. కార్లు బోల్తా పడితే మళ్లీ నిలబెట్టడానికి మలుపుల దగ్గర మనుషులుంటారు, టర్న్ మార్షల్స్. వాళ్లకి జీతాలుండవు. ముందు హీటులో కార్లు నడిపినవాళ్లే తర్వాతి హీటుకి మార్షల్స్. అంటే రేసయ్యాక, చేతులు ఇంకా వణుకుతుంటే, తన కారు ఎందుకు ఓడిందో ఆలోచించుకుంటూ ఉండే మనిషిని తీసుకెళ్లి మన కారుకి కాపలా పెడతారు. ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ వాళ్లకో దండం. రెండో మలుపులో నా పాలిట పడ్డాయన ముందు హీటు గెలిచాడు. ఇంకా దారుణం. తన ల్యాప్ టైములు, అంటే ఒక్కో చుట్టుకి ఎంత పట్టిందో, ఫోన్లో చూసుకుని మురిసిపోతున్నాడు.

కొన్ని ల్యాపులు బాగానే వెళ్లాను. నిజంగా. తర్వాత రెండో మలుపులో వెనక నుంచి ఎవరో తగిలించారు, నా కారు పల్టీ కొట్టి వెల్లకిలా పడింది. ఆ పెద్దమనిషి ఫోన్ మీంచి కళ్లు ఎత్తకుండా వచ్చి, ఒక్క చేత్తో కారు తిప్పి నేల మీద పెట్టి, వెనక్కి వెళ్లిపోయాడు. ముక్కు ఎటుందో చూడలేదు.

నేను ట్రిగ్గర్ నొక్కాను.

దూరం నుంచి కారు నడిపేవాళ్లందరికీ ఒక కష్టముంది. కారు మనకి ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. మెదడు ఒకటి చెబుతుంది, వేళ్లు ఇంకోటి చేస్తాయి. అందుకని కారు కదలగానే ఏదో తేడాగా అనిపించినా, నాకు తేడాగా అనిపించడం కొత్త కాదు కాబట్టి పట్టించుకోలేదు. మిగిలిన అయిదు కార్లూ ఎదురొస్తున్నప్పుడు పట్టించుకున్నాను.

ఆపేయొచ్చు కదా అనకండి. కార్పెట్ మీద ఆగిపోయిన కారు అయిదారు సెకన్లకోసారి అందరి దారిలోనూ బండరాయే. రివర్సు చేద్దామంటే రేసు కార్లలో రివర్సు ఆపేసి ఉంచుతారు, ముందుకి పోవడం, బ్రేకు, అంతే. సరే, యూ టర్న్ కొడదామా? ఎడమకి భేషుగ్గా తిరుగుతుంది, దానికోసమే కదా అన్ని రాత్రులు తగలేసింది. కానీ ఎదురు దిశలో పోతున్నప్పుడు బయటి బోర్డు ఎడమ పక్కనే ఉంటుంది. ఎడమకి తిరిగితే చెక్క. కుడికి తిరిగితే ఖాళీ కార్పెట్. కుడికి మాత్రం 40 శాతమే.

అప్పుడు తెలిసింది మా బామ్మర్ది పనితనం. చిన్నపెద్ద టైర్లు కారుని ఎడమకి, అంటే బోర్డు మీదికి లాగుతున్నాయి. ఒరగదీసిన ముందు చక్రాలు రెండూ బోర్డు వైపే చూస్తున్నాయి. కుడి మలుపులో బరువు ఎడమ చక్రాల మీదికి వస్తుంది, అక్కడ ముందే సీసం ముక్కలు కాపురం పెట్టాయి. కుడి చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి. సగానికి కాస్త పైన అని కాటాల మీద తెల్లారేదాకా సరిచూసిన ఆ లెక్క ఇటు తిరిగితే తిరగబడుతుందని, అటు పుష్ ఇచ్చే కారు ఇటు లూజ్ అవుతుందని వాడు ఏ రాత్రీ చెప్పలేదు. కుడికి పనేముంది అన్నాడు కదా. ముక్కుని తిప్పింది నా స్టీరింగ్ కాదు. బయటి బోర్డు. కారు దాన్ని రాసుకుంటూ, రెండు చక్రాల మీద, మలుపు బోర్డు ఎలా వంగితే అలా వంగుతూ, టకటకా చప్పుడు చేసుకుంటూ వెళ్లింది. ఎదురొచ్చిన కార్లు లోపలి లైను పట్టుకుని తప్పుకుంటున్నాయి. స్టాండు మీద నా పక్కనున్నాయన నన్ను కాదు, నా బూట్లని చూస్తున్నాడు. తల తిప్పి మొహం చూడటానికి మొహమాటం కాబోలు.

మైకులో అనౌన్సరు నా పేరు పలకలేక, "నీలం కారు... నీలం కారు వేరే రేసులో ఉంది" అన్నాడు. హాలంతా నవ్వు.

ఆ నవ్వుల్లోంచి ఒక్క చప్పట్ల శబ్దం విడిగా వినిపించింది. అత్తగారు. "ఒరేయ్, చూశావా, ఇంతమందిలో మన అల్లుడుగారి బండి ఒక్కటే సవ్యంగా తిరుగుతోంది!" అంటున్నారు బామ్మర్దితో. పక్కనున్న అమెరికా ఆవిడకి కూడా వేలు గాల్లో గుండ్రంగా తిప్పి చూపిస్తున్నారు. ఆవిడకి ఏం అర్థమైందో, ఆవిడా చప్పట్లు కొట్టింది.

ఇంతలో దేవుడు కరుణించాడు. నాలుగో మలుపు దాటి వస్తున్న ఎర్ర కారు నా ముక్కుకి కాస్త తగిలింది. ఎలాగూ లూజ్ అయిపోయిన కారు కదా, తోక గిర్రున తిరిగి వచ్చి, సరిగ్గా అందరూ వెళ్లే దిశలో, నాలుగు చక్రాల మీద నిలబడింది. ఇంతకంటే అందంగా ఎవరూ తిప్పలేరు. హమ్మయ్య అని ట్రిగ్గర్ మీద వేలు పెట్టాను.

పెట్టానో లేదో, రెండో మలుపు దగ్గరి ఆ పెద్దమనిషి. అనౌన్సరు మాటతో ఫోన్ లోంచి లోకంలోకి వచ్చినట్టున్నాడు. చేసిన పని దిద్దుకోవాలన్న బాధ్యత ఒక్కసారిగా ముంచుకొచ్చి, తన చోటు వదిలి, బోర్డు దూకి, కార్ల మధ్య గెంతుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. అంత దీక్షగా వచ్చి, నా కారుని రెండు చేతులతో భక్తిగా పైకెత్తి, ముక్కు అటు తిప్పి, నెమ్మదిగా కింద పెట్టాడు.

మళ్లీ ఎదురు దిశలో.

నేను పైనుంచి "నో! నో!" అని అరిచాను. ఆయన నా వైపు తిరిగి బొటనవేలు ఎత్తి చూపించి, పరవాలేదులే అన్నట్టు నవ్వి వెళ్లిపోయాడు.

తర్వాతిది క్లుప్తంగా. హీటు అయ్యేదాకా బోర్డు రాసుకుంటూనే తిరిగాను, అత్తగారు లెక్కపెట్టారు. గోడకి అంటించిన ఫలితాల కాగితంలో నేను నాలుగో స్థానంలో ఉన్నాను! కార్పెట్ కింద ఒక తీగ చుట్ట ఉంటుంది, దాని మీంచి కారులో గుర్తింపు సిగ్నల్ పంపే ట్రాన్స్‌పాండర్ దాటితే ల్యాప్ పడుతుంది. కారు ఎటు నుంచి వచ్చిందో దానికి అక్కర్లేదు. అయిదో స్థానం వచ్చినాయన అభ్యంతరం చెప్పాడు. రేస్ డైరెక్టరు నా ఎదురు ల్యాపులన్నీ కొట్టేశాడు. దూరం దూరమే కదా, దిక్కుతో పనేముందని బామ్మర్ది ఆయనతో వాదం పెట్టుకున్నాడు. కుడితో పనేముంది అన్నవాడే. ఎండ్ పాయింట్ మాట ఎత్తితే, "నేనెప్పుడు తగ్గించాను బావా? నువ్వే ఏదో నొక్కుంటావు" అన్నాడు అందరి ముందూ.

"ఏ ల్యాపులు కొట్టేశార్రా?" అని అత్తగారు అడిగారు. చెప్పాడు. "అవి ఉంచి మిగతావి కొట్టెయ్యాలి గానీ" అన్నారావిడ, డైరెక్టరు వైపు చూస్తూ.

ఈ గొడవలో ఉండగా మైకులో మళ్లీ పిలుపు, తర్వాతి హీటుకి నీలం కారు డ్రైవరు రెండో మలుపులో మార్షలింగ్‌కి రావాలని. నేను కారు సంచిలో పడేసి బయటికి వచ్చేశాను. మార్షలింగ్ ఎగ్గొడితే మిగిలిన ల్యాపుల్లో కూడా ఒకటి కోస్తారట. కోసుకోనీ.