ఓటీపీ కొట్టారు కదా అంటే సరిపోతుందా?

పండగ సేల్ హడావుడి ఇంకా చల్లారనే లేదు, ఫిర్యాదులు మొదలైపోయాయి. ఫోన్ బుక్ చేస్తే పెట్టెలో సబ్బు బిళ్ల వచ్చినవాళ్లు, ‘డెలివర్డ్’ అన్న మెసేజ్ తప్ప వస్తువు మొహం చూడనివాళ్లు, రిటర్న్ ఇచ్చి నెల దాటినా రిఫండ్ పడనివాళ్లు. ఏటా ఉన్న తంతే ఇది. మాకు ఒళ్లు మండుతున్నది అమ్మినవాడి మీద కంటే కార్డు ఇచ్చిన బ్యాంకు మీద. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, అడిగిన అంకెలన్నీ నొక్కి, ఆ పాటంతా విని, చివరికి ఒక మనిషి గొంతు దొరికాక వచ్చే జవాబు ఒకటే: ‘ఓటీపీ మీరే ఎంటర్ చేశారు కదా సార్, ఇక మేమేం చేయలేం.’

ఎందుకు చేయలేరు? ఓటీపీ కొట్టామంటే డబ్బు కట్టడానికి ఒప్పుకున్నామని అర్థం, వస్తువు చేతికి ముట్టిందని రాసిచ్చినట్టు కాదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసి బ్యాంకులు తప్పించుకుంటున్నాయి. మన కార్డును ఇంకెవడో వాడేస్తే ఓటీపీ ఎవరు చెప్పారని అడగడంలో అర్థముంది. దానికి 2017 జులైలోనే రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది: బ్యాంకు తప్పూ మన తప్పూ లేకుండా డబ్బు పోతే, బ్యాంకు సమాచారం ఇచ్చిన మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్లకు నష్టం సున్నా, తప్పు కస్టమర్‌దేనని నిరూపించాల్సింది బ్యాంకే. కొన్న వస్తువు రాలేదన్న ఫిర్యాదుకు మాత్రం దారి వేరు. దాని పేరు ఛార్జ్‌బ్యాక్.

ఇది బ్యాంకు దయాధర్మం మీద ఆధారపడిన విషయం కాదు. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే నెట్‌వర్కుల నిబంధనల్లోనే ఉంది. వస్తువు రాకపోయినా, చెప్పినదొకటి పంపినదొకటి అయినా, ఒకే కొనుగోలుకు రెండుసార్లు డబ్బు కట్ అయినా మన బ్యాంకు ఆ నెట్‌వర్క్ ద్వారా వ్యాపారి బ్యాంకును నిలదీయొచ్చు. అప్పుడు డెలివరీ చేశామని రుజువు చూపించాల్సింది వ్యాపారే, చూపించలేకపోతే డబ్బు వెనక్కి రావాలి. వీసా, మాస్టర్‌కార్డ్‌లలో ఛార్జ్‌బ్యాక్ అడగడానికి ఎక్కువ కేసులకు గడువు 120 రోజులు. ఇంత ఏర్పాటు ఉంటే కస్టమర్ కేర్ ఆ ఊసే ఎత్తదు, ‘ముందు సెల్లర్‌తో తేల్చుకోండి, ఇంకొన్నాళ్లు చూడండి’ అని తిప్పుతూ ఉంటుంది, ఈలోగా గడువు కాస్తా కరిగిపోతుంది. 2023 మేలో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయినప్పుడు కార్డుతో టికెట్ కొన్నవాళ్లకు ఈ దారి ఉంది. ఎంతమందికి బ్యాంకులు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాయి?

అసలు మెలిక బిల్లు దగ్గరుంది. కార్డుల మీద రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బిల్లు తప్పని కస్టమర్ అభ్యంతరం చెబితే బ్యాంకు 30 రోజుల్లోపు వివరణ ఇవ్వాలి. ‘మోసం’ అని ఫిర్యాదు చేసిన లావాదేవీ మీద అది తేలేదాకా ఛార్జీలు వేయకూడదు. బాగుంది. మరి వస్తువే రాలేదన్న ఫిర్యాదు సంగతేంటి? ఆ రక్షణ మోసం ఫిర్యాదులకే రాశారు. కాబట్టి రాని ఫ్రిజ్‌కు కూడా ఈఎంఐ నడుస్తూనే ఉంటుంది, కట్టకపోతే నెలకు 3.75 శాతం దాకా వడ్డీ, ఆపైన 18 శాతం జీఎస్టీ, ఆనక సిబిల్ స్కోరు టెన్షన్. అమెరికాలో ఉన్న మన పిల్లలను అడగండి. అక్కడ 1974 నాటి చట్టం ప్రకారం, రాని వస్తువు బిల్లు మీద 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, విచారణ ముగిసేదాకా ఆ మొత్తం కట్టక్కర్లేదు. బ్రిటన్‌లో అయితే 100 పౌండ్ల నుంచి 30 వేల పౌండ్ల దాకా ధర ఉన్న వస్తువుకు అమ్మినవాడితో పాటు క్రెడిట్ కార్డు కంపెనీ కూడా బాధ్యురాలే. ఇక్కడ మాత్రం ఓటీపీ కొట్టారు కదా!

ఇక ‘పర్చేజ్ ప్రొటెక్షన్’. ఖరీదైన కార్డుల బ్రోచర్లలో పెద్ద అక్షరాలతో మెరుస్తుంది. అది చదివి కొన్న ప్రతి వస్తువుకూ బ్యాంకు పూచీ అనుకుంటాం. తీరా చూస్తే అదొక బీమా పాలసీ, ఇచ్చేది వేరే కంపెనీ. చాలా కార్డుల్లో అగ్నిప్రమాదానికీ, ఇంట్లో దొంగతనానికీ మాత్రమే వర్తిస్తుంది, అదీ కొన్న కొద్ది నెలల వరకే. ఎఫ్ఐఆర్ కావాలి, తలుపు పగలగొట్టిన ఆనవాళ్లు కావాలి. బస్సులో బ్యాగు పోతే, చేతిలోంచి జారి పగిలితే మీ ఖర్మ. అమ్మినవాడు మోసం చేస్తే దానికి అసలు సంబంధమే లేదు. ఇదంతా చిన్న అక్షరాల ఇంగ్లిష్‌లో. షరతులు స్థానిక భాషలో కూడా ఉంటే మేలన్నట్టు రాసిన రిజర్వ్ బ్యాంకు తప్పనిసరి అని మాత్రం అనలేదు, కాబట్టి తెలుగులో ఇవ్వాలన్న పట్టింపు బ్యాంకులకు లేదు.

వస్తువు అందుకుని కూడా రాలేదని బుకాయించేవాళ్లు ఉన్నారని, చిన్న వ్యాపారులు నష్టపోతున్నారని బ్యాంకులు అంటాయి. ఉన్నారు, కాదనం. వాళ్లను పట్టుకోవడానికే కదా రుజువులు అడిగేది. కొందరు దొంగలున్నారని అందరి ఫిర్యాదులూ ఫోన్‌లోనే చంపేస్తే ఎలా?

కార్డు అంటగట్టేటప్పుడు మాల్‌లో దారికి అడ్డంపడి పెళ్లిపెద్దలా మాట్లాడే బ్యాంకు, తగువు వచ్చేసరికి దారినపోయే దానయ్య అయిపోతుంది. ప్రతి క్రెడిట్ కార్డు స్వైప్‌కూ వ్యాపారి కట్టే కమీషన్‌లో దానికి వాటా ఉంది. వాటా ఉన్నప్పుడు బాధ్యత ఎందుకు ఉండదు? ఈ ‘ఓటీపీ’ జవాబును ఇవాళ వస్తువులకు ఒప్పుకుంటే రేపు ఆసుపత్రి అడ్వాన్సుకు, కాలేజీ ఫీజుకు, ప్రతిదానికీ అదే చెబుతారు.

కార్డుదారులు ఇకనుంచి ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. మెయిల్‌లో ‘ఛార్జ్‌బ్యాక్’ అన్న మాట రాసి, ఆర్డర్ కాపీ, పెట్టె విప్పిన వీడియో జత చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. అమ్మినవాడి మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. రిజర్వ్ బ్యాంకు కూడా మోసం ఫిర్యాదులకు ఇచ్చిన రక్షణను రాని వస్తువులకూ వర్తింపజేస్తూ ఒక్క వాక్యం చేర్చాలి, అందుకు కమిటీలు అక్కర్లేదు.

బ్యాంకులకు మాత్రం ఒకటే మాట. ఏడాదికి వేల రూపాయల ఫీజు గుంజుతూ ఒక ఛార్జ్‌బ్యాక్ ఫారం నింపడానికి మీకు ఓపిక లేకపోతే, ముందు ఆ బ్రోచర్‌లోంచి ‘ప్రొటెక్షన్’ అన్న మాట తీసేయండి.